కుక్కర్లో కాల్చిన ఓట్సు బార్లు

బరంపురం పురజనులారా, చిత్తగించండి! నేటి నుంచి మా ఇంటి కుక్కరు బేకరీ అయినది.

పార్వతీ, నువ్వెల్లిపోయి నేటికి ఏడాది. అప్పట్నుంచి మన పిల్ల ఏదీ సరిగ్గా తినదు. పోలీసు సెలక్షన్లని పరగడుపునే పరుగుకెల్తాది. మొన్న మైదానంలో కళ్ళు తిరిగి పడిపోయింది. అందుకే ప్రోటీన్ బార్లు మొదలెట్టాను. ఓట్సు, వేపిన సెనగల ఛతువా పిండి, వేరుశెనగలు బెల్లంపాకంలో కలిపి, గోపాలపూర్ ఇసక పోసిన కుక్కర్లో కాల్చాను. పొద్దుటెండలో బెల్లం వాసనకి ఇల్లు మబ్బులో తేలినట్టుంది.

"ఏటి నాన్నా, ఇటికా?" అంది.

"మీ అమ్మ కల్లోకొచ్చి సెప్పింది. ఇటికన్నావంటే తంతాది."

కళ్ళు మూసుకుని, చేతిలో పెట్టిన రెండు బార్లూ తినేసింది.

"అమ్మ ఇంకేటి సెప్పింది?"

"తిన్నాకే పరిగెత్తమంది."

కల మాట నేనల్లిందే, పార్వతీ. నువ్వింకా ఒక్కసారీ రాలేదు.