కాయ లోపలి నీళ్లు

మార్చి 4, సోమవారం

ఆఫీసులో చేరి ఏడు నెలలు. మొదటిసారి ఒక ప్రాజెక్టు నా ఒక్కదానికే ఇచ్చారు. ఒక నూనె ఫ్యాక్టరీలో పీచు తీసిన కొబ్బరికాయలు వాలుబల్ల మీంచి దొర్లి తొట్టిలో పడాలి. కొన్ని బల్ల అంచు దాటి ఎగురుతున్నాయట. పోయిన నెల సక్కుబాయి అనే ఆమె పాదం ఎముక విరిగింది. అంచు ఎంత ఎత్తుండాలో కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి వచ్చే వారం శుక్రవారానికి చెప్పాలి.

మదన్నపేట మార్కెట్లో ఇరవై ఏళ్లుగా కొబ్బరికాయలమ్మే చంద్రమ్మ కూతురికి కొబ్బరికాయ ప్రాజెక్టు! ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మార్చి 6, బుధవారం

అయిపోయింది. అంచు నాలుగంగుళాలు చాలు. టీమ్ లీడ్ వంశీధర్ గారు రిపోర్టు బాగుందన్నారు.

మార్చి 7, గురువారం

బాగాలేదు. ఫ్యాక్టరీ వీడియో ఇవాళ వచ్చింది. కాయలు నా లెక్క కన్నా ముందే కిందికి చేరుతున్నాయి.

మార్చి 8, శుక్రవారం

అమ్మకు లాప్‌టాప్‌లో నా బొమ్మకాయ దొర్లడం చూపించాను. రెండుసార్లు చూసి, "గిది రాయి దొర్లినట్టున్నదే. కాయల నీళ్లుంటయి గద!" అంది.

నీళ్లున్నాయని నాకు తెలుసు. వాటి బరువు కలిపాను కూడా. కానీ చిప్పతో పాటే నీళ్లూ గట్టిగా తిరుగుతాయనుకున్నాను. చిప్ప తిరిగితే లోపల నీళ్లెందుకు తిరగాలి? అవి మొదట జారుతాయి. తిప్పాల్సింది తక్కువైతే కాయకు వేగం ఎక్కువ. ఇంత చిన్న మాట నాకెందుకు తట్టలేదు!

మార్చి 10, ఆదివారం

మేడ మీద బల్ల వాల్చాం. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మా బాపు స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. ముప్ఫై మామూలు కాయలు. ఐస్‌క్రీం షాపు బాలకిషన్ అన్న ఫ్రీజర్‌లో నిన్నంతా పెట్టి గడ్డకట్టించినవి ఆరు.

గడ్డకట్టినవి నా పాత లెక్క ప్రకారమే నడిచాయి. మామూలువి ప్రతిసారీ ముందే చేరాయి. పైగా మూడు కళ్ల వైపు కాస్త మొనదేలి ఉంటుంది కదా, ఆ వైపు పడ్డప్పుడల్లా గంతు. వేగమూ గంతూ కలిస్తే నాలుగంగుళాలు ఏ మూలకు!

బాపు ప్రతి అంకె గట్టిగా చదివాడు, స్టేషన్లో అనౌన్స్‌మెంట్ లాగా. పక్కింటివాళ్లంతా మేడలెక్కారు.

మార్చి 12, మంగళవారం

చిప్ప వేరు, నీళ్లు వేరు చేసి ప్రోగ్రాం మళ్లీ రాశాను. ఒక్క రన్‌కు పదకొండు గంటలు. టైం లేదు, క్లయింట్ నాలుగంగుళాలకే ఒప్పుకున్నాడు, పాత రిపోర్టే పంపించెయ్ అన్నారు వంశీధర్ గారు. దాని మీద నా పేరు వద్దు సార్ అన్నాను. శుక్రవారం దాకా ఆగుతానన్నారు.

మార్చి 14, గురువారం, ఉదయం 5

రన్ పూర్తయింది. ఎనిమిదిన్నర అంగుళాలు.

మార్చి 15, శుక్రవారం

వంశీధర్ గారితో ఫ్యాక్టరీకి వెళ్లాను. మేనేజర్ సుందరరామయ్య గారికి స్క్రీన్ మీద బొమ్మలంటే నమ్మకం లేదట. "బల్ల ఉంది, కాయలున్నాయి, చూపించమ్మా" అన్నారు. వాలుబల్ల పక్కన అట్ట నిలబెట్టి నాలుగంగుళాల దగ్గర ఒక గీత, ఎనిమిదిన్నర దగ్గర ఇంకొకటి గీశాను. కాయల్ని తడి ఎర్రమట్టిలో ముంచి వదిలాం, తగిలినచోట మచ్చ పడాలని. ఆయనే ఏరిన యాభై కాయలు.

ఏడు మచ్చలు కింది గీత దాటాయి. అన్నిటికన్నా పైది ఎనిమిది దగ్గర. పై గీతను ఒక్కటీ తాకలేదు.

అప్పుడు వంశీధర్ గారు, "ఈ లెక్క స్వరూపదండీ. నేను వద్దన్నా చేసింది" అన్నారు. ఆ మాట ఆయన అననక్కర్లేదు. అన్నారు.

కర్ర పట్టుకుని ఒకామె ముందుకొచ్చింది. "నా కాలు ఇరిగినప్పుడు అందరు నన్నే అన్నరు బిడ్డా, సూస్కోలే అని. నేను సూస్కుంటనే ఉన్న." సక్కుబాయి. మేనేజర్ గారు ఆమెకు కుర్చీ తెప్పించారు. తొమ్మిదంగుళాల అంచుకు అక్కడే సంతకం పెట్టారు.

దారంతా బస్సులో నిలబడే వచ్చాను. ఒక్కసారి కూడా కాళ్లు నొప్పి పుట్టలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

మార్కెట్లో అమ్మ నన్ను చూడలేదు. ఎవరో కొనేవాళ్లకు చెబుతోంది: "నా బిడ్డ పగలగొట్టకుంటనే కాయల నీళ్లు ఎటు పోతయో చెప్తది." గోంగూర కట్టల వెనక నిలబడి, ఇంకొకరికి చెప్పేదాకా ఆగాను.