ఉప్పు లేని అన్నం

కారా-జర్,
మే పన్నెండు.

నా బంగారుతల్లి ఐజీరెక్‌కు, మీ అమ్మ బురుల్చా మనసారా దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగున్నాం. గొర్రెలు ఈనడం అయిపోయింది, పిల్లలన్నీ నిలబడ్డాయి. అక్కడ నువ్వూ, అల్లుడూ, నా మనవరాలు అరూకే చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరాన్నీ ఎండు పెరుగు ఉండల సంచినీ వ్యాను డ్రైవరుకు ఇచ్చి పంపుతున్నాను. సంచి అడుగున చిన్న గుడ్డమూట ఉంటుంది. ఉత్తరం చివరిదాకా చదివాకే దాన్ని విప్పు.

నా మోకాలి సంగతి అడిగావు. ఎండ కాస్తే నాది, మబ్బు పడితే దానిది. పాత ఇనప్పెట్టె ఎవరికిచ్చావని అడిగావు. ఎవరికీ ఇవ్వలేదు, నీదే, వచ్చి పట్టుకుపో.

ఇక మూడో ప్రశ్న. పక్కింటి బూబూష్ నీకు సంతలో కనబడి, "మీ అమ్మ కుక్కకు వేరే పొయ్యి పెట్టింది, మతి సరిగ్గా ఉందా?" అందట. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొయ్యి మాత్రం నిజమే. మన బోరోన్‌కు ఏడేళ్ళు నేనే విడిగా వండాను. నూకలు మెత్తగా ఉడికించి, కొవ్వు లేని మాంసం విడిగా ఉడకబెట్టి, ఆ నీళ్ళు చల్లారాక పైన తేలిన కొవ్వంతా తీసేసి, గుమ్మడికాయ మెదిపి కలిపేదాన్ని. ఉప్పు లేదు, ఉల్లిపాయ లేదు. రోజుకు మూడుసార్లు, కొంచెం కొంచెం, గోరువెచ్చగా, దాని చెక్కగిన్నెలో.

పశువుల డాక్టరు ఎసెన్ చెప్పిన పద్ధతి అది. మొదటిసారి దాని పొట్ట నొక్కి చూసి నవ్వాడు. "అక్కా, మన తైగాన్ వేటకుక్కలు రాళ్ళు తిన్నా అరిగించుకుంటాయి. దీని కడుపు మాత్రం పట్నం నుంచి వచ్చిన కొత్తకోడలి కడుపు. రోజుకో రకం పెట్టకు. ఒకటే వంట, ఒకటే వేళ. కొత్తది ఏదైనా పది రోజులకు ఒక్కటి, అదీ గోరంత."

మీ నాన్నకు అది చూస్తే ఒళ్ళుమంట. "ఈ ఇంట్లో మొగుడిగా ఉండేకంటే కుక్కగా ఉండటం నయమే. దానికేమో కొవ్వు తీసి పెడతావు, ఆ తీసిందేమో నాకు పెడతావు" అనేవాడు. "నువ్వూ రోజుకు రెండుసార్లు కక్కు, నీకూ వండుతా" అనేదాన్ని. అలా నవ్వులతో నెట్టుకొచ్చాను. ఎందుకు వండుతున్నానో ఆయనకూ తెలియదు.

నీకు గుర్తుందా, రెండేళ్ళ కిందట వసంతం పండగనాడు అరూకేను ఆసుపత్రిలో చేర్చారు. గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదని ఫోన్‌లో ఏడ్చావు. ఆ పొద్దున్నే మీ నాన్న, పండగ కదా అని, నాకు చెప్పకుండా గొర్రె తోక కొవ్వు ముక్క బోరోన్ ముందు పడేశాడు. నువ్వు ఫోన్ చేసే వేళకు అది పెరట్లో మెలికలు తిరుగుతోంది. మూడు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. అది ఒక్కసారే అయితే కాకతాళీయం అనుకుందును. గోడ మీది క్యాలెండరులో నేను పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నాను తల్లీ. కుక్క కక్కిన ప్రతి రోజూ బిడ్డకు బాగాలేదని నీ ఫోను వచ్చింది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. నేను వండింది కుక్క కోసం కాదు, నీ బిడ్డ కోసం.

ఇప్పుడు దాచిన మాట చెబుతాను. కూర్చుని చదువు.

అరూకే పుట్టిన నలభయ్యో రోజు పండగ మన ఇంట్లోనే చేశాం. బిడ్డ ఒంటి మీది మొదటి చొక్కా, అదే కుక్క చొక్కా, నేనే కుట్టాను. తొంభై ఏళ్ళు బతికిన మా అమ్మ తలగుడ్డ చింపి, మెడ దగ్గర ఎర్రదారంతో కుట్టాను. ఆ రోజు దాన్ని విప్పి, మిఠాయిలు మూటగట్టి బోరోన్ మెడకు కట్టాం. పిల్లలు దాని వెంటపడ్డారు. బిడ్డ జబ్బులు కుక్కకు పోవాలి, చొక్కా మళ్ళీ ఇంటికి రావాలి. "కుక్క చొక్కా కుక్క దగ్గర మిగలకూడదు" అని మా అమ్మ వందసార్లు చెప్పింది.

ఆ రోజు బోరోన్ గోడ దూకి కొండెక్కింది. పిల్లలకు అందలేదు. నువ్వు లోపల బిడ్డకు పాలిస్తున్నావు. మూడో రోజు అది తిరిగొచ్చింది. మెడలో ఏమీ లేదు. నోరు తెరిచి చూస్తే పళ్ళ సందున ఎర్రదారం పోగు.

బాలింతవు, బెదిరిపోతావని నీకు చెప్పలేదు. అదే తలగుడ్డలో మిగిలిన ముక్కతో ఇంకో చొక్కా కుట్టి నీ చేతిలో పెట్టాను. నీ బీరువాలో ఏడేళ్ళుగా దాచుకున్నది ఆ చొక్కానే. అది నీ బిడ్డ ఒంటిని ఎన్నడూ తాకలేదు. ఇంత తప్పు చేసి ఇన్నాళ్ళు నోరు మూసుకున్నందుకు నన్ను తిట్టు, పడతాను.

ఏప్రిల్ ఇరవై నాలుగు, గురువారం, పొద్దున పది గంటలకు బోరోన్ గిన్నె ముందు నిలబడి అన్నం ముట్టలేదు. నా ముఖం చూసింది. తర్వాత వంగి, ఏ బాధా లేనట్టు, ఒక్క ఊపులో ఏదో కక్కింది. చొక్కా. ఏడేళ్ళ తర్వాత కూడా తెల్లగా ఉంది. చిన్న చేతులు, చిన్న అంచు, అన్నీ ఉన్నాయి, మెడ దగ్గర దారం తప్ప. నేను దాన్ని కొంగులో చుట్టి తల ఎత్తేసరికి బోరోన్ పడుకుని ఉంది. ఊపిరి లేదు. మీ నాన్న కొండవాలులో రాళ్ళు పేర్చి కప్పాడు.

నీ బిడ్డ గండం గట్టెక్కిందనుకుని ఏడ్చాను, సంతోషంతోనే. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అరూకే ఏప్రిల్ ఇరవై నాలుగు పొద్దున మంచం దిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆకలంది అని రాశావు. మెత్తటి అన్నం, ఉడికిన మాంసం, గుమ్మడికాయ కావాలంది, ఉప్పు వెయ్యొద్దంది, చెక్కగిన్నెలో పెట్టి గడప దగ్గర నేల మీద ఉంచమంది అని రాశావు. "ఇవన్నీ దీనికెవరు నేర్పారమ్మా?" అని అడిగావు. ఎవరూ నేర్పలేదు. రాత వచ్చినప్పటి నుంచి ప్రతి ఉత్తరం చివర అరూకే తన చేత్తో "బోరోన్‌కు ముద్దులు" అని రాసేది. ఈసారి రాయలేదు. ఆ కాగితం నేను పదిసార్లు తిప్పి చూశాను.

భయపడకు. పిల్ల తింటోంది, ఒళ్ళు చేస్తోంది, అదే చాలు. పైన రాసినట్టే వండు, ఒకే వేళకు పెట్టు. నేల మీద కావాలంటే నేల మీదే పెట్టు, అల్లుడు ఏమన్నా సరే. మూటలో ఉన్నది అసలు చొక్కా. ఉతకకు, దిండు కింద పెట్టు. బీరువాలోది పొయ్యిలో వేసెయ్. వేసవిలో తీసుకొస్తానన్నావు, తీసుకురా. కొండ వైపు మాత్రం తిప్పొద్దు.

ఆఖరిది. కిందటి ఆదివారం ఫోన్‌లో అరూకే నాతో మాట్లాడుతూ ఉన్నట్టుండి ఫోను పడేసి తలుపు దగ్గరికి పరుగెత్తిందని, "నన్నెవరో పిలిచారు" అంటూ వీధంతా వెతికిందని నువ్వు నవ్వుతూ చెప్పావు. అప్పుడిక్కడ అన్నం వేళయింది. పొయ్యి మీది గిన్నె దించుతూ, ఏడేళ్ళ అలవాటు కదా, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని "బోరోన్, ఇటు రా" అన్నాను.

పిలిచింది నేనే, తల్లీ. ఇంకెప్పుడూ పిలవను. మీ ఇంట్లోనూ ఆ పేరు ఎవరూ పలకకండి.

ఇట్లు,
నీ మేలే కోరి తప్పు చేసిన
మీ అమ్మ