రెండో గడిలో టిక్కు

ఏమండీ, పొదిలి బస్సుకి వెళ్తున్నా. అక్కవాళ్ల కళ్లంలో మిరపకాయలు ఎండాయట, కారం పట్టించుకుని సాయంత్రానికి వస్తా. అన్నం, పప్పు బల్ల మీద ఉన్నాయి. బీపీ మాత్ర గ్లాసు పక్కనే పెట్టాను.

మిల్లు వాళ్లిచ్చిన పెన్షన్ ఫారం టీవీ కింద ఉంది. నెలకి ఎనిమిది వందలు ఎక్కువొస్తాయని మీరు మొదటి గడిలో పెన్సిల్‌తో టిక్కు పెట్టారు. ఆ పెన్షన్ మీతోనే ఆగిపోతుంది. అందుకే అది చెరిపేసి, మీ తర్వాత నాకూ వచ్చే రెండో గడిలో పెట్టాను. చూసి సంతకం చేయండి.

మొదటిదే కావాలంటే మీ ఇష్టం. కాకపోతే మీరు నాకన్నా ఒక్కరోజైనా ఎక్కువ బతకాలి. అంటే ఈరోజు నుంచే పచ్చళ్లు మానాలి.

జయ

మరిచిపోయా, పండుమిర్చి పచ్చడి జాడీ కోసం వంటింట్లో వెతక్కండి. మీరు ఏ గడి ఉంచారో చూసేదాకా అది నా సంచిలోనే ఉంటుంది.