బంతి దూరని సందు

అవ్వా,

నీ తిథికి ముందే మన మేడమెట్లకు ఇనుప కమ్మీలు పెట్టించాం. పని చూడవచ్చిన ఇంజనీరమ్మ ఈ అరవ ఊళ్లోనూ మన తెలుగావిడే. ఆవిడ ఒక బంతి తెచ్చి కమ్మీల మధ్య ప్రతి సందులోనూ పెట్టి తోసింది. ఎక్కడా దూరలేదు.

"ఇది దేనికి మేడమ్?" అన్నాను.

"పసిబిడ్డ తలకాయ దూరకూడదని రూలు పెట్టినారు."

చూశావా అవ్వా! నా కూతుర్ని, మన పాపను, ఎన్నడూ చూడని వాళ్లెవరో దాని తల ఎంతుంటుందో ఆలోచించారు.

ఆవిడ పోయాక పాపతో మెట్లెక్కుతూ, "కైపిడి పట్టుకోమ్మా" అన్నాను. అరవంలో ఆ మాటకు మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ అని అర్థం, వింటే మాత్రం చెయ్యి పట్టుకోమన్నట్టూ ఉంటుంది. పాప కమ్మీ వదిలి ఇవతలికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు చూసుకున్నాను. పాప గోడవైపు ఉంది. నా చిన్నప్పుడు, కమ్మీలు లేని రోజుల్లో, నన్ను పట్టుకుని నువ్వు నడిచిన బయటి అంచున నేనున్నాను.