టీవీ పాఠం, పప్పన్నం

మంగళవారం, పడుకునే ముందు

ఒళ్ళు మండిపోతోంది. రామచంద్రపురం నుంచి ఆటోలో తెచ్చి మా అంగన్‌వాడీలో బిగించిన ప్రభుత్వ టీవీలో ఇవాళ తల్లులకు మొదటి పాఠం వేశాను. పాఠమేమిటంటే, పిల్లలకు టీవీ చూపిస్తూ అన్నం పెట్టకూడదని! టీవీలో డాక్టరమ్మ ఆ మాట చెబుతుండగానే, వెనక కూర్చున్న లక్ష్మి గిన్నె తీసి కూతురికి ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. పాప డాక్టరమ్మనే చూస్తూ నోరు తెరుస్తోంది.

టీవీ కట్టేశాను. పాప నోరు మూసేసింది.

"అయ్యో, కట్టెయ్యకండి టీచరు గారండీ! వారం నుంచి ఇంత తిన్లేదండి," అంది లక్ష్మి.

నిజమే. సెంటర్లో అందరికంటే బరువు తక్కువ ఆ పాపే. ప్రజల డబ్బు పోసి ఈ పాఠాలు తీయించింది ఇందుకేనా అని విసుక్కుంటూనే మళ్ళీ పెట్టాను, మొదటి నుంచి.

వెళ్తూ వెళ్తూ అడిగింది: "రేపు కూడా ఇదే వేస్తారాండీ? పప్పన్నం కలుపుకొస్తాను."