నా పేరు రాసిన కరివేపాకులు

జూలై, మంగళవారం. మౌంట్ ఆల్బర్ట్. ఇక్కడ ఇది నడి చలికాలం.

ఒళ్ళు మండిపోతోంది. మూడు చలికాలాలు హీటర్ పక్కన పెట్టి సాకిన కరివేపాకు మొక్కను మా తన్వి ఈ సాయంత్రం బోడిగా చేసేసింది. ఒక్క ఆకు మిగల్చలేదు. స్కూల్లో ప్రాచీన ఈజిప్టు ప్రాజెక్టట. అక్కడి పవిత్ర వృక్షం ఆకుల మీద దేవుడు రాజు పేరు రాస్తే ఆ రాజుకు ఆయుష్షు పెరుగుతుందని నమ్మేవారట. అట్టముక్కతో చెట్టు చేసి, నా ఆకులన్నీ దానికి అంటించి, ఒక్కోదాని మీద వెండి రంగు పెన్నుతో ఏదో రాసింది.

"పేపర్ ఆకులు కత్తిరించుకోవచ్చుగా! ఈ చలిలో అది మళ్ళీ చిగురేస్తుందా?" అని అరిచాను.

"ఇట్ ఓన్లీ వర్క్స్ విత్ రియల్ లీవ్స్, అమ్మా," అంది తలెత్తకుండా.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రాజు పేరు ఎక్కడా లేదు. ప్రతి ఆకు మీదా నా పేరే.

శుక్రవారం నాకు బయాప్సీ అని దానికి తెలియకూడదనే, నేనూ మా ఆయన శ్రీనూ వారం రోజులుగా దాని ముందు ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకుండా తెలుగులో మాట్లాడుకుంటున్నాం. ఏది అడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పే పిల్లకు ఇదంతా ఏం అర్థమవుతుందిలే అనుకున్నాం. ఎంత తెలివితక్కువవాళ్ళం! 'గడ్డ' అన్న మాట కూడా అర్థమైందన్నమాట.

ఇంకా తిట్టడానికి నోరు రాలేదు. అలాగని కోపమూ పోలేదు. రేపు చారులోకి ఒక్క రెబ్బ లేదు. శుక్రవారం గురించి శ్రీనుతో చెప్పుకుని ఏడవడానికి ఒక భాష కూడా మిగల్లేదు.