కుడి తొడ మీది ఎర్ర గుర్తు

హిల్డా,

బల్ల మీది కార్డుల సిరా ఇంకా ఆరలేదు, పిల్లిని లోపలికి రానివ్వకు. నేను కొండ మీద గొర్రెలకు గడ్డి వేసి వస్తాను.

నీ క్రిస్మస్ కార్డుల కోసం రబ్బరు ముక్క మీద మన గొర్రెను చెక్కాను. మన మంద ఎర్ర గుర్తు ఎడమ తొడ మీదే పెట్టాను. తీరా ముద్ర వేస్తే అంతా తిరగబడి కుడి తొడకు వచ్చింది. అది మీ అన్న మంద గుర్తు.

పారెయ్యకు, ఒకటి ఆయనకు పంపు. తప్పిపోయిన గొర్రె ఎవరిదని వేసవిలో మీరిద్దరూ పోట్లాడుకున్నారు. "ఆయనే ముందు మాట్లాడాలి" అంటావు గానీ, ఉత్తరాలు రాగానే ఆయన దస్తూరీ కోసమే వెతుకుతున్నావు.

విల్ఫ్

లోపల ఏం రాయాలో తోచకపోతే, "అన్నా, నీ గొర్రె ఇంటికొచ్చింది" అని రాయి.